పోయింది చిప్పు కాదు

పాత గేమ్ కన్సోల్ ఆన్ కావడం మానేస్తే వెలువడే తీర్పు దాదాపు ప్రతిచోటా ఒకటే. చిప్పు పోయింది, పార్టులు దొరకవు, ఇంట్లో విప్పితే ఉన్నదీ ఊడుతుంది, పారేసి కొత్తది కొనుక్కోవడం మేలు. మూత తీయకుండా, మీటరు పెట్టకుండా చెప్పే ఈ మాట ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నట్టే ఉంటుంది. ముప్పై నలభై ఏళ్ళు నిండిన కన్సోళ్ళను విప్పి చూస్తే కనిపించేది దీనికి తలకిందులు. చాలావాటిలో చిప్పు బాగానే ఉంటుంది. ముసలితనం వచ్చేది దాని చుట్టూ ఉన్నవాటికి.

కారణం తయారీలోనే ఉంది. 1983లో జపాన్‌లో విడుదలైన నింటెండో ఫ్యామికామ్ ప్రాసెసర్ 1.79 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది. అది పుట్టించే వేడి ఎంత తక్కువంటే ఆ పెట్టెలో ఫ్యానుతో పనే పడలేదు. ఆ చిప్పులో కదిలే భాగం లేదు, ఎండిపోయే ద్రవం లేదు, అరిగే అంచు లేదు. క్యాసెట్ దూర్చే చోటి పిన్నుల సంగతి అలా కాదు. దూర్చిన ప్రతిసారీ అవి కాస్త వంగుతాయి, గాలి తగిలి చిలుము పడతాయి. కెపాసిటర్ల లోపల ద్రవం ఉంటుంది. సీడీ డ్రైవులో ప్లాస్టిక్ పళ్ళ చక్రాలుంటాయి. బ్యాటరీకి ఆయుష్షు ముందే రాసి ఉంటుంది. చెడిపోయే వరుస కూడా దాదాపు ఇదే. మినహాయింపులు లేకపోలేదు. సూపర్ నింటెండో తొలినాటి బోర్డుల్లో సీపీయూ, బొమ్మను గీసే పీపీయూ నిజంగానే చనిపోతుంటాయి. అయితే మినహాయింపును నియమంగా ప్రకటించి పెట్టెను పాత సామాన్లవాడికి వేయడమే ఇక్కడి పొరపాటు.

ఫ్యామికామ్ అమెరికా రూపమైన నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్, వాడుకలో ఎన్ఈఎస్, ఈ పొరపాటుకు అన్నిటికంటే మంచి పాఠం. 1985లో దీన్ని అమెరికా మార్కెట్‌లోకి తెచ్చేటప్పుడు ఆటబొమ్మలా కాకుండా వీసీఆర్‌లా కనబడాలని క్యాసెట్‌ను ముందు నుంచి తోసి కిందికి నొక్కే ఏర్పాటు పెట్టారు. లోపల 72 పిన్నుల కనెక్టర్ ఉంది. నొక్కిన ప్రతిసారీ ఆ పిన్నులు కొద్దికొద్దిగా వంగి, కొన్నేళ్ళకు క్యాసెట్ అంచును గట్టిగా పట్టుకోవడం మానేస్తాయి. దీని మీద ఇంకో తలనొప్పి, లాకౌట్ చిప్పు. నింటెండో అనుమతి లేని క్యాసెట్లు ఆడకుండా కన్సోల్‌లో ఒక చిప్పు, క్యాసెట్‌లో దాని జోడీ పెట్టారు. అవి రెండూ ఎడతెగకుండా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉండాలి. ఒక్క పిన్ను సరిగా తగలక ఆ మాట తెగితే కన్సోల్‌లోని చిప్పు సెకనుకొకసారి యంత్రాన్ని రీసెట్ చేస్తుంది. ముందున్న ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. చూసేవాడికి ప్రాసెసర్ కొట్టుమిట్టాడుతున్నట్టు అనిపిస్తుంది. నిజానికి ప్రాసెసర్ దివ్యంగా ఉంది, కాపలావాడు దాన్ని పని చేయనివ్వడం లేదు, అంతే. లాకౌట్ చిప్పు నాలుగో కాలును బోర్డు నుంచి విడదీస్తే ఆ రీసెట్ గొడవ పూర్తిగా ఆగుతుంది. 1993లో వచ్చిన, పైనుంచి క్యాసెట్ పెట్టే మోడల్‌లో నింటెండో కూడా ఆ చిప్పును తీసేసింది.

పిన్నుల జబ్బుకు జనం కనిపెట్టుకున్న మందు ఊదడం. అమెరికాలోనూ ఊదారు. మన దగ్గర 1990లలో టీవీ గేమ్ పేరుతో అమ్ముడైన ఫ్యామికామ్ నకళ్ళకూ అదే వైద్యం జరిగింది. వాటిలో లాకౌట్ చిప్పు లేదు కాబట్టి దీపం మిణుకుమనదు. తెర బూడిద రంగులోకి పోతుంది, లేదా బొమ్మలు చెదిరిపోతాయి. క్యాసెట్ బయటికి తీసి, నోటితో ఊది, మళ్ళీ పెట్టగానే ఆట వస్తుంది. ఊదడం వల్లే వచ్చిందని ఒక తరం మొత్తం నమ్మింది. పనిచేసింది తీసి మళ్ళీ పెట్టడం. కదిలినప్పుడు పిన్నుల మీది చిలుము పొర కాస్త గీరుకుపోయి లోహం లోహానికి తగులుతుంది. ఊపిరిలోని తడి ఆ కాసేపటికి కరెంటు పారడానికి సాయపడినా, ఆ తడే ఆ తర్వాత చిలుమును పెంచుతుంది. వైద్యమే రోగానికి ఎరువు. ఊదొద్దని, తడి వల్ల పిన్నులు పాడవుతాయని నింటెండోయే తర్వాత చెప్పింది.

దీనికి సరైన పని ఊదడమంత తేలిక. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంటే ఎలక్ట్రానిక్స్ షాపుల్లో ఐపీఏ అని అమ్మేది, 90 శాతానికి పైగా చిక్కనిది తీసుకుని దూది పుల్లతో క్యాసెట్ అంచును నల్లదనం అంటడం ఆగేవరకు తుడవాలి. ఆరనిచ్చి పెట్టాలి. ఎన్ఈఎస్ క్యాసెట్ల వెనక ఆల్కహాల్ వాడొద్దనే హెచ్చరిక అచ్చై ఉంటుంది. ఏ ఆల్కహాల్, ఎంత నీళ్ళు కలిసినది, ఎక్కడ పూయాలి అన్న తేడాలేవీ అందులో లేవు. నీరు దాదాపు లేని ఐపీఏను పిన్నుల వరకే పరిమితం చేస్తే నష్టం లేదని దశాబ్దాల వాడుకే చెబుతోంది. పట్టు వదిలిన 72 పిన్నుల కనెక్టర్‌కు ఇంకా విచిత్రమైన చికిత్స ఒకటుంది. దాన్ని బోర్డు నుంచి ఊడదీసి నీళ్ళలో మరిగించడం. వినడానికి ఊదడం కంటే మూఢంగా ఉన్నా ఇది పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డూ మురికీ వేడినీటికి వదులుతాయి, పిన్నులు మళ్ళీ శుభ్రంగా తగులుతాయి. తర్వాత పూర్తిగా ఆరబెట్టడం మాత్రం తప్పనిసరి. మార్కెట్‌లో దొరికే కొత్త కనెక్టర్లలో కొన్ని క్యాసెట్‌ను పళ్ళు బిగించినట్టు పట్టుకుని బయటికి రానివ్వవు. అందుకే మరిగించిన పాతదే మేలనేవారు ఎక్కువ.

పూర్తిగా చలనం లేని కన్సోల్ విషయంలో మొదటి అనుమానితుడు కరెంటు. ఈ విషయంలో తెలుగు ఇళ్ళకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. అమెరికా నుంచి వచ్చిన చుట్టాలు సూట్‌కేసులో తెచ్చిన కన్సోల్ 120 వోల్టులకు తయారైంది, జపాన్‌ది 100 వోల్టులకు. దాన్ని నేరుగా మన 230 వోల్టుల సాకెట్‌లో పెడితే ఒక చిటపట, కాస్త వాసన, ఆ వెంటనే ‘కన్సోల్ కాలిపోయింది’ అన్న ప్రకటన. అడాప్టర్ బయట ఉండే మోడళ్ళలో చాలాసార్లు కాలేది అడాప్టర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ మాత్రమే. దాని వెనకున్న పెట్టెకు ఏమీ కాదు. కొత్త అడాప్టర్ కొనేటప్పుడు మాత్రం వోల్టులు ఒక్కటీ చూస్తే చాలదు. ఎన్ఈఎస్ అడాప్టర్ ఇచ్చేది 9 వోల్టుల ఏసీ. ఫ్యామికామ్‌కు కావలసింది డీసీ, అదీ పిన్ను నడిమధ్య మైనస్ ఉండేది. సెగా తొలి జెనెసిస్‌కూ మధ్యలో మైనస్సే. షాపులో దొరికే మామూలు అడాప్టర్లకు మధ్యలో ప్లస్ ఉంటుంది. పిన్ను దూరింది కదా అని పెట్టేస్తే, అంతవరకూ పోని చిప్పు అప్పుడు నిజంగా పోవచ్చు.

అడాప్టర్ బాగుంటే మీటరు లోపలికి వెళ్ళాలి. ఆ కాలపు కన్సోళ్ళలో చాలావాటిలో 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటర్ ఉంటుంది. ఒక కాలికి తొమ్మిది పది వోల్టులు వస్తే ఇంకో కాలి నుంచి సరిగ్గా 5 వోల్టులు వెళ్ళాలి. లోపలికి వస్తూ బయటికి రాకపోతే జబ్బు దొరికినట్టే. అది టీకప్పు ధరకు దొరికే భాగం. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో నంబరు చెబితే చాలు, దేనికని కూడా అడగరు. మార్చిన రెగ్యులేటర్ కూడా వెంటనే మసిలిపోతుంటే ఆ తర్వాత ఎక్కడో షార్ట్ ఉందని అర్థం. లోపలికే ఏమీ రాకపోతే ఫ్యూజు, స్విచ్చి, సాకెట్ దగ్గర విడిపోయిన సోల్డరింగ్ చూడాలి. సెగా డ్రీమ్‌కాస్ట్‌లో ఆట మధ్యలో యంత్రం దానంతటదే రీసెట్ అవుతుంటే కారణం చాలామటుకు పవర్ బోర్డుకూ కింది బోర్డుకూ మధ్య నిలబడే పిన్నుల మీద పేరుకున్న చిలుము. వాటిని శుభ్రం చేసి కొద్దిగా వంచితే చాలు. అదే కన్సోల్‌లో నాలుగు కంట్రోలర్లూ ఒకేసారి పనిచేయడం మానేస్తే ఎఫ్1 అనే చిన్న ఫ్యూజు పోయినట్టు. ఈ రెండు సందర్భాల్లోనూ ‘బోర్డు పోయింది’ అన్న నిర్ణయంతో మూలన పడ్డ డ్రీమ్‌కాస్ట్‌లు తక్కువేమీ కావు.

కెపాసిటర్ల దగ్గర వాదం రెండు వైపులా దారి తప్పింది. ఒక వైపువారికి అవి ఉన్నాయనే తెలియదు. 1990లో వచ్చిన సెగా గేమ్ గేర్‌లో శబ్దం సన్నబడి ఆగిపోతుంది, తెర వెలవెలబోతుంది. స్పీకరు పోయింది, స్క్రీను పోయింది అని తేల్చేస్తారు. బోర్డు మీద అతికించిన చిన్న చిన్న కెపాసిటర్ల అడుగు నుంచి ద్రవం కారి రాగి గీతలను తినేయడం అసలు సంగతి. సమయానికి మారిస్తే శబ్దమూ బొమ్మా తిరిగి వస్తాయి, ఆలస్యమైతే గీతలే పోతాయి. 2001 నాటి మొదటి ఎక్స్‌బాక్స్‌లో గడియారాన్ని నడిపే కెపాసిటర్ ఒకటుంది. చివరి 1.6 బోర్డు తప్ప మిగతావాటిలో అది కారుతుందన్నది అనుభవం. అది లేకపోయినా ఆటకు లోటు రాదు, ప్లగ్ పీకినప్పుడు టైము మరిచిపోతుంది, అంతే. కాబట్టి కన్సోల్ ఎంత బాగా నడుస్తున్నా విప్పి దాన్ని తీసేయడమే మంచిది. పోయాక చేసే రిపేరు కాదిది, పోకుండా చేసేది.

రెండో వైపు అభిరుచిపరులు. పాతదంటే చాలు, కెపాసిటర్లన్నీ మార్చి తీరాలన్నది వీరి సిద్ధాంతం. గోటితో పోయేదానికి గొడ్డలి. ఎన్ఈఎస్‌లోనూ నింటెండో 64లోనూ ఉన్న మంచి రకం కెపాసిటర్లు చాలావరకు ఇప్పటికీ కొలతలో నిలబడుతున్నాయి. చేయి తిరగనివాడు వేడి ఐరన్‌తో ఇరవై భాగాలు ఊడబీకితే బోర్డు మీది రాగి బిళ్ళలు వాటితో పాటే లేచి వస్తాయి. బాగున్న కన్సోల్‌ను నష్టం చేయడానికి ఇంతకంటే దగ్గరిదారి లేదు. కారిన మరక, ఉబ్బిన తల, పుల్లటి చేప వాసన, లేదా మీటరులో తగ్గిన కొలత, వీటిలో ఒకటైనా కనిపించాక ఐరన్ వేడి చేస్తే చాలు.

సీడీలు వచ్చాక రిపేరు షాపుల నోట చిప్పు స్థానంలో లెన్స్ చేరింది. ‘లెన్స్ పోయింది’ అంటే ఇక ఎదురు ప్రశ్న ఉండదు. 1994లో జపాన్‌లో విడుదలైన సోనీ ప్లేస్టేషన్ తొలి మోడళ్ళను వాటి యజమానులు తలకిందులుగా పెట్టి ఆడేవారు. చూసేవారికి అదో వింత. లేజర్‌ను మోసే బండి ప్లాస్టిక్‌ది. దాని పక్కనే పవర్ బోర్డు కూర్చుని వేడి చేస్తుంది. వేడికీ రాపిడికీ పట్టాలు అరిగి బండి ఒక పక్కకు ఒరిగితే లేజర్ వంకరగా చూస్తుంది. పెట్టెను తిరగేస్తే బరువు ఇటు పడి కోణం సరవుతుంది. అంటే ఆ కన్సోల్‌లో లేజర్‌కు చూపు ఉంది, నడకే లేదు. తర్వాతి మోడళ్ళలో సోనీ లేజర్‌ను పవర్ బోర్డుకు దూరంగా జరిపింది. ప్లేస్టేషన్ 2లోనూ డిస్క్ చదవకపోతే మొదట చేయవలసింది లెన్స్ మీది దుమ్మును మెత్తగా తుడిచి, గట్టిపడ్డ పాత గ్రీజును తీసి కొత్తది రాసి, బండి చివరిదాకా సాఫీగా కదులుతోందో లేదో చూడటం. అయినా చదవకపోతే అప్పుడు లెన్స్ మార్చాలి. ఆ కన్సోల్ కోట్లకు కోట్లు అమ్ముడైంది కాబట్టి దాని లెన్సులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. దీనికి బదులు లేజర్ పక్కనున్న చిన్న మర తిప్పి కరెంటు పెంచే పద్ధతి ఒకటి షాపుల్లో ఉంది. డిస్క్ ఆ రోజుకు చదువుతుంది, గిరాకీ సంతోషంగా వెళతాడు, అరుగుతున్న లేజర్ ఆయుష్షు ఇంకా తగ్గుతుంది.

వేడి వైద్యం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే చిప్పు పోయిందన్న తీర్పు నిజమయ్యే చోటు ఇదే, తప్పుడు చికిత్స ఎక్కువగా జరిగిన చోటూ ఇదే. 2005 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో పవర్ బటన్ చుట్టూ మూడు ఎర్ర దీపాలు వెలిగి యంత్రం ఆగిపోయేది. ఇది ఎంత పెద్దదైందంటే 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని 3 ఏళ్ళకు పొడిగించి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. కంపెనీకి పంపలేనివారు, పంపే ఓపిక లేనివారు ఇంట్లో కనిపెట్టిన చిట్కా తువ్వాలు. కన్సోల్‌ను గాలి ఆడకుండా తువ్వాళ్ళలో చుట్టి ఇరవై నిమిషాలు నడిపి, చల్లారాక తీస్తే దీపాలు మామూలుగా వెలిగేవి. చిప్పు కింది సోల్డరింగ్ కరిగి మళ్ళీ అతుక్కుందన్నది అందరూ చెప్పుకున్న వివరణ.

ఈ వివరణ మొదటి పరీక్షకే నిలవదు. సీసం లేని సోల్డరింగ్ కరగడానికి 217 డిగ్రీలు దాటాలి. తువ్వాలులో చుట్టిన పెట్టె అంత వేడెక్కేలోపే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, అంతకంటే ముందు యంత్రం తనంతట తానే ఆగిపోతుంది. కన్సోల్‌ను ఆన్ చేసినప్పుడల్లా వేడెక్కి, ఆపినప్పుడల్లా చల్లారి, చిప్పుల లోపలి అతుకులు విరగడమే కారణమని ఎక్స్‌బాక్స్ హార్డ్‌వేర్ బాధ్యుల్లో ఒకరైన టాడ్ హోమ్‌డాల్ 2021లో వచ్చిన ‘పవర్ ఆన్’ డాక్యుమెంటరీలో చెప్పారు. అంటే పగులు చిప్పుకూ బోర్డుకూ మధ్య కాదు, చిప్పు ప్యాకేజీ లోపల. వేడి చేస్తే లోహం వ్యాకోచించి విరిగిన అంచులు కొన్నాళ్ళు ఒకదానికొకటి తగులుతాయి, అంతే. సోల్డరింగ్‌ను మళ్ళీ కరిగిస్తామంటూ హీట్ గన్‌తో చేసే రీఫ్లో కూడా తువ్వాలుకు ఖరీదైన అన్న. మూడు నెలల తర్వాత దీపాలు మళ్ళీ ఎర్రబడితే ‘మీరు సరిగా వాడలేదు’ అనడం షాపులకు తేలిక. బాగు కావాలంటే లోపం లేని చిప్పు వేయాలి. అది ఇంటి పనిముట్లతో అయ్యేది కాదు. ఈ తరం యంత్రాల అనుభవాన్నే జనం వెనక్కి తీసుకెళ్ళి, వేడే ఎరుగని 1980ల పెట్టెలకూ అంటగట్టారు.

ఇంట్లో విప్పడం ప్రమాదమన్న అభ్యంతరంలో మాత్రం పస ఉంది. అయితే అది అన్ని కన్సోళ్ళకూ ఒకటే కాదు. ఎన్ఈఎస్, సూపర్ నింటెండో లాంటివాటికి పెద్ద కరెంటు బయటి అడాప్టర్ దగ్గరే ఆగిపోతుంది, లోపల ఉండేది ప్రాణానికి ముప్పు లేని వోల్టులు. ప్లేస్టేషన్, సెగా శాటర్న్, డ్రీమ్‌కాస్ట్, లావుపాటి ప్లేస్టేషన్ 2లలో పవర్ బోర్డు లోపలే ఉంటుంది. 230 వోల్టుల ఏసీ అక్కడ డీసీగా మారి పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టులుగా నిలుస్తుంది. ప్లగ్ పీకాక కూడా కాసేపు అక్కడే ఉంటుంది. ఆ బోర్డు జోలికి అనుభవం లేనివారు వెళ్ళకూడదు. కన్సోల్‌తో పాటు వాడే పాత డబ్బా టీవీ వెనక మూత అసలు తీయనేకూడదు. వింత ఏమిటంటే కన్సోల్ విప్పవద్దని బెదిరించేవారు ఈ తేడా ఎన్నడూ చెప్పరు. తొమ్మిది వోల్టుల పెట్టెకూ మూడు వందల వోల్టుల పెట్టెకూ ఒకే భయం.

సీల్ చింపితే వారంటీ పోతుందన్న భయం ముప్పై ఏళ్ళ పెట్టె విషయంలో నవ్వు పుట్టిస్తుంది. కంపెనీకే పంపాలన్న సలహా సంగతీ అంతే. నింటెండో ఫ్యామికామ్ రిపేర్లు 2007లో ఆపేసింది, సోనీ జపాన్‌లో ప్లేస్టేషన్ 2 సర్వీసును 2018లో ముగించింది. పంపడానికి చిరునామా లేదు. పాత ఆటలను కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్ ఉండగా ఇదంతా ఎందుకనే ప్రశ్నకూ జవాబు ఉంది. అట్టపెట్టెలో ఉన్న క్యాసెట్‌లో ఇరవై ఐదేళ్ళ కిందట దాచిన ఆట ఎమ్యులేటర్‌లో ఉండదు. క్యాసెట్ లోపల నాణెం లాంటి లిథియం బ్యాటరీ ఒకటి ఆ జ్ఞాపకాన్ని పట్టుకుని ఉంటుంది. సూపర్ నింటెండో క్యాసెట్లలో సాధారణంగా సీఆర్2032, పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లలో సీఆర్2025. గోల్డ్, సిల్వర్‌లు గడియారాన్ని కూడా నడుపుతాయి కాబట్టి వాటిలో బ్యాటరీ ముందే అయిపోతుంది. ఆట దాచుకోవడం మానేసిందంటే క్యాసెట్ పోయిందని కాదు, బ్యాటరీ మార్చాలని. గేమ్‌బిట్ అనే 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేక స్క్రూడ్రైవర్ ఉంటే క్యాసెట్ తెరుచుకుంటుంది. పాత బ్యాటరీలో ఇంకా ప్రాణం ఉండగానే దాచిన ఆటను కంప్యూటర్‌లోకి దించి, తర్వాత రేకు కాళ్ళున్న కొత్త బ్యాటరీ అతికించి తిరిగి ఎక్కించవచ్చు. బ్యాటరీ మీద నేరుగా ఐరన్ ఆనించకూడదు, పేలవచ్చు. శాటర్న్‌లో అయితే సోల్డరింగే అక్కరలేదు, వెనక మూత తీసి సీఆర్2032 మార్చుకోమని తయారుచేసినవారే చోటు పెట్టారు.

ఇంట్లో బాగుచేయలేనివి ఏవో కూడా తెలిసి ఉండాలి. మన ఫ్యామికామ్ నకళ్ళలో చాలావాటికి ప్రాసెసర్ మీద నల్లటి బంక బొట్టు పోసి ఉంటుంది. దాని కింద ఏమైనా పోతే నిజంగానే చిప్పు పోయినట్టు, మార్చేందుకు వేరే చిప్పు అంటూ ఉండదు. ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ 3 డ్రైవులకు వాటి మదర్‌బోర్డుతో రహస్య సంకేతం ముడిపెట్టి ఉంటుంది. వేరే కన్సోల్ నుంచి తెచ్చిన డ్రైవు ఎంత బాగున్నా, దాని బోర్డును పాత బోర్డుతో మార్చకపోతే ఆట డిస్కులను చదవదు. ఇక్కడ అడ్డుపడేది సోల్డరింగ్ కాదు, తాళం. ఆ తాళాన్ని రిపేరు కోసం దాటడం అమెరికాలో 2021 అక్టోబరు దాకా కాపీరైట్ చట్టానికి విరుద్ధం. ఆ నెల అమెరికా కాపీరైట్ ఆఫీసు ఇచ్చిన మినహాయింపు కన్సోళ్ళలో ఒక్క డిస్క్ డ్రైవు రిపేరుకే వర్తిస్తుంది, పని అయ్యాక తాళాన్ని తిరిగి యథాస్థానంలో పెట్టాలన్న షరతుతో.